ఇసుక దిబ్బలు: వాని పుట్టుక, పేళ్లు, ప్రయోజనము

గడచిన నెల మా సంఘపు కార్యవర్గ సమావేశమునకు సముద్రతీరమున భూమిగల సభ్యులొకరు అప్పుకొఱకు అర్జీ పెట్టుకొనిరి. తమ చేనికి తూర్పుప్రక్కనున్న ఇసుకదిబ్బను యంత్రముతో చదునుచేయించి, ఆ ఇసుకను అమ్మి, చదునైన నేలలో లోతైన బోరుబావి వేయించి వేరుసెనగ పండింతుమనియు, మూడు పంటలలో అప్పు తీర్తుమనియు వారి మనవి. కాగితముమీద లెక్క బాగుగనే యుండెను. అప్పుడు సభ్యులలో వృద్ధులొకరు లేచి, "ఆ దిబ్బ ఎట్టిది? గాలి కట్టినదా, కెరటము కట్టినదా, ఏఱు కట్టినదా?" అని యడిగిరి. అర్జీదారుగాని, మేముగాని బదులు చెప్పలేకపోయితిమి. అర్జీని మఱుసటి సమావేశమునకు వాయిదావేసి, ఈలోపల విషయమును విచారించి సభ్యులందఱకును తెలుపుట మా విధియని తలంచితిమి. ఆ వృద్ధుల ప్రశ్నకు సమాధానమే యీ వ్యాసము.

ఇసుక ఎక్కడిది?

మన తీరపు ఇసుకలో నధికభాగము సముద్రమున పుట్టినది కాదు, కొండలలో పుట్టినది. ఎండకు వేడెక్కి, వానకు నాని, చెట్ల వేళ్లకు చీలి, రాళ్లు కాలక్రమమున చితికిపోవును. వానిలోని మెత్తని భాగము బంకమట్టి యగును. పలుగురాతివంటి గట్టిభాగము మాత్రము ఎంత దొరలినను మట్టికాక, రేణువులై మిగులును. ఆ రేణువులే ఇసుక. పడమటి కనుమలలో పుట్టిన గోదావరియు, కృష్ణయు, నందికొండలలో పుట్టిన పెన్నయు, ఉత్తరమున వంశధార, నాగావళులును ఈ ఇసుకను వఱదకాలమున సముద్రమునకు మోసికొనివచ్చుచున్నవి.

నీటికి వేగమున్నంతవఱకే మోయు శక్తి యుండును. పొలమునకు కాలువనీరు పెట్టునపుడు ఈ సంగతి ప్రతి రైతును చూచుచునే యున్నాడు. నీరు మడిలో ప్రవేశించుచోట ఇసుక మేటవేయును. మడి చివర మెత్తని ఒండు చేరును. నదీముఖమున జరుగుపనియు నిదియే. నది సముద్రమును తాకగానే వేగము చచ్చును. బరువైన ఇసుక మొదట దిగును; తేలికయైన ఒండు దూరము పోవును. మన వరిపొలములకు ఒండును, మన తీరమునకు ఇసుకయు ఒక్క నదియే పంచిపెట్టినది.

ఇసుక నడక

నదీముఖమున దిగిన ఇసుక అచ్చటనే నిలువదు. కెరటము తీరమునకు తిన్నగా వచ్చుట యరుదు, మూలగా వచ్చును. మూలగా వచ్చిన కెరటము రేణువును మూలగానే ఒడ్డుపైకి నెట్టును. నీరు వెనుకకు పోవునపుడు వాలువెంబడి తిన్నగా దిగును. ఇట్లు ఒక్కొక్క కెరటమునకు రేణువు మూరెడో, బారెడో ప్రక్కకు జరుగుచుండును. రాత్రింబవళ్లు జరుగు ఈ నడకవలన ఒకయేట లెక్కకుమించిన బండ్ల ఇసుక తీరమువెంబడి ప్రయాణముచేయును.

మన తీరమున నైరుతి ఋతుపవనకాలమున కెరటములు దక్షిణపుదిక్కునుండి వచ్చి ఇసుకను ఉత్తరమునకు నడపును. ఈశాన్యపుగాలి వీచు నెలలలో కొంత ఇసుక దక్షిణమునకు మఱలును. రెండింటిని కూడి తీసివేయగా మిగులునది ఉత్తరపు నడకయే.

ఈ నడకకు అడ్డుకట్టినచో నేమగునో మదరాసువారు చూచియున్నారు. అచ్చట 1875 సంవత్సరమున ఓడరేవు గోడలకు పని యారంభమైనది. ఆ గోడలకు దక్షిణమున ఇసుక నిలిచి పేరుకొని, నేడు లోకప్రసిద్ధమైన విశాలపు మెరీనా బీచి యైనది. ఉత్తరమున రాయపురముదిక్కున రావలసిన ఇసుక రాక, సముద్రము నేలను కోసివేసినది. విశాఖపట్టణమునను రేవు వెలసినపిమ్మట ఉత్తరపు ఒడ్డునకు ఇసుక కొఱతపడుటచే, దక్షిణమున నిలిచిన ఇసుకను యంత్రములతో తోడి ఉత్తరమున పోయుచున్నారు. ఒకచోట పెరిగిన ఇసుక మఱియొకచోట తరిగిన ఇసుకయే యని దీనివలన గ్రహింపవలెను.

పేళ్లు, వాని భేదములు

మన పెద్దలు తీరమందలి ఇసుకమేటల నన్నిటిని ఒక్క పేరుతో పిలువలేదు. ఒక్కొక్క జిల్లాలో మాట కొంత మాఱవచ్చును. రాయలసీమలో తిప్పయన్న రాతిగుట్ట. తీరమున తిప్పయన్న ఇసుకమిట్ట. కావున పేరుతోపాటు పుట్టుకనుగూడ చూడవలెను. ముఖ్యమైన వానిని క్రింద వివరించుచున్నాము.

మొదటిది మొగ. ఏఱుగాని, ఉప్పుటేఱుగాని సముద్రమున కలియు ద్వారమునకు మొగయని పేరు. వఱద తగ్గినపుడు ఏటినీటి త్రోపు చాలక, కెరటములు తెచ్చిన ఇసుక ఈ ద్వారమున అడ్డముగా మేటవేయును. అప్పుడు మొగ పూడినదందురు. మొగ పూడినచో లోపలి మురుగునీరు పోవు దారిలేక పల్లపుపొలములు మునుగును. సముద్రమునుండి చేపపిల్లలు లోనికి రాక బెస్తవారికి జీవనము పోవును.

రెండవది తిప్ప. నది తెచ్చిన ఇసుకను కెరటములు ముందుకు నడుపుచు, నీటిమధ్య పొడుగుగా కట్టిన మిట్ట యిది. తీరము లోపలికి వంగినచోట ఇసుకమాత్రము వంగక తన దారినే సాగిపోవుటచే, ఒకకొన నేలను అంటి, రెండవకొన సముద్రమున చేయిచాచినట్లుండును. దీనికి మన దేశమున మిక్కిలి పేరుపొందిన యుదాహరణము కాకినాడ యెదుటనున్నది. గౌతమీముఖమునుండి ఉత్తరముగా సుమారు 16 కిలోమీటర్లు పెరిగిన ఈ ఇసుకచేయి యిటీవలి రెండు శతాబ్దములలో పెరిగినదే. దీని కొననే హోప్ దీవి యందురు. దీని చాటుననే కాకినాడ అఖాతమునకు కెరటపు తాకిడి తగ్గి ఓడలు నిలుచుచున్నవి. కోరంగి మడయడవి పెరిగినది. తాబేళ్లు గ్రుడ్లు పెట్టుచున్నవి. అయితే ఈ చేయి ఇసుకను పట్టియుంచుటచే ఉత్తరముననున్న ఉప్పాడకు చేరవలసినది చేరుటలేదు. ఉప్పాడ గ్రామమును సముద్రము ఏటేట కోయుటకు చెప్పు కారణములలో నిది యొకటి. బలుసుతిప్ప, మగసానితిప్ప, పాలకాయతిప్ప మున్నగు గ్రామనామములలో ఈ మాట నేటికిని నిలిచియున్నది.

మూడవది అడ్డుదిబ్బ. తీరమునకు సమముగా బహుదూరము పెరిగి, సముద్రమునకును లోపలి ఉప్పునీటి సరస్సునకును నడుమ గోడవలె నిలుచునది. పులికాటు సరస్సును బంగాళాఖాతమునుండి వేఱుచేయు శ్రీహరికోట దీవి యిట్టిది. రాకెట్లు ఎగురుచోటుగా దానిని లోకమెఱుగును. ఇసుకదీవియని యెఱిగినవారు తక్కువ. రాయదొరువు మొదలగుచోట్ల మొగలు పూడినపుడు పులికాటు బెస్తవారు పడు ఇబ్బంది పత్రికలలో తఱచు చదువుచున్నాము.

నాల్గవది తిన్నె, లేక గాలిదిబ్బ. ఇది కెరటము పని కాదు. ఒడ్డుపై ఆఱిన ఇసుకను గాలి యెగురవేసి లోనికి తెచ్చును. దారిలో తీగయో, పొదయో అడ్డమువచ్చినచో వేగము తగ్గి ఇసుక అచ్చట రాలును. మొక్క ఇసుకలో పూడినకొలది పైకి పెరుగును. మొక్క పెరిగినకొలది ఇసుక నిలుచును. బాలబందతీగయు, పిల్లలు రావణాసురుని మీసములని పిలుచు ముండ్లగడ్డియు ఈ పనిలో ముందుండును. భీమునిపట్టణముదారిలోని ఎఱ్ఱమట్టి దిబ్బలు ఇట్టి ప్రాచీనపు ఇసుకయే. దానిలోని ఇనుపధాతువు త్రుప్పుపట్టి రేణువుల నంటుకొనుటచే నది ఎఱుపెక్కినది. 2014 సంవత్సరమున దానిని భూగర్భ వారసత్వస్థలముగా గుర్తించిరి.

అయిదవది మెరక. సముద్రము వెనుకకు తగ్గి, డెల్టా ముందుకు పెరిగినపుడు పాతతీరపు ఇసుకమిట్టలు వరుసలు వరుసలుగా లోపల మిగిలిపోవును. కోనసీమలోను, కృష్ణాడెల్టాలోను ఈ వరుసలు విమానమునుండి చూచిన దువ్వెనతో గీచినట్లు కనబడును. మెరకమీద ఊరు, కొబ్బరితోట, దారి. రెండు మెరకల నడుమ పల్లమున వరి. కొల్లేటికి దక్షిణమునగూడ ఇట్టి పాతమెరకలు గలవు. కొన్నివేలయేండ్ల క్రిందట సముద్రపుటొడ్డు అచ్చట నుండెననుటకు అవియే సాక్షులు.

ఇక లంకయన్నది నదిమధ్య ఏటినీరు కట్టిన మేట. దానిలో ఇసుకతోపాటు ఒండు పొరలు పొరలుగా నుండును. అందుచేతనే లంకపొగాకును, లంకకూరగాయలును బలముగా పండును. లంకలో పండినట్లు తిన్నెమీద పండునని తలంచుట పొరపాటు.

దిబ్బ దాచియుంచు నిల్వలు

సహకారులకు దిబ్బయొక్క ప్రయోజనమును మన భాషలోనే చెప్పవచ్చును. అది తీరమునకు నిల్వధనము. తుపానునాడు సముద్రము ముంగిటి దిబ్బను కోసి, ఇసుకను నీటిలో మేటగా పఱచును. ఆ మేటపై కెరటము విఱిగి, వెనుకనున్న నేల దక్కును. ప్రశాంతపు నెలలలో చిన్నకెరటములు ఆ ఇసుకను మఱల ఒడ్డుకు చేర్చును. గాలి దానిని మఱల దిబ్బమీద పోయును. అవసరమునకు తీయుట, తీరికవేళ కట్టుట అను ఈ లావాదేవి అనాదిగా జరుగుచున్నది. ఇసుకను లారీలకెత్తి ఊరుదాటించినవాడు మాత్రము తీసినదానిని మఱల కట్టడు.

1977 నవంబరు 19వ తేదీన దివిసీమపై విఱుచుకొనిపడిన ఉప్పెనను మఱచినవారు లేరు. వేలకొలది జనులును, లెక్కలేని పశువులును ఆ ఒక్కరాత్రి నీటిపాలైరి. సొర్లగొంది, పాలకాయతిప్ప మిక్కిలి నష్టపడిన గ్రామములలో చేరినవి. అంతటి ఉప్పెనను ఏ దిబ్బయు పూర్తిగా నాపజాలదు. కాని చిన్న ఉప్పెనలను ఎత్తైన దిబ్బ ఆపును. పెద్దదాని త్రోపును కొంత తగ్గించును. దిబ్బకు గండిపడినచోటనే నీరు మొదట చొచ్చును.

రెండవ నిల్వ నీరు. దీనినిగూర్చి రైతులు మిక్కిలి శ్రద్ధతో వినవలెను. దిబ్బపై కురిసిన వాన ప్రక్కలకు పాఱక తిన్నగా ఇసుకలోనికి ఇంకును. భూమిలోపల సముద్రపు ఉప్పునీరున్నది. మంచినీరు ఉప్పునీటికంటె తేలిక. కావున దానిపై తేలుచుండును. ఈ రెండింటి బరువుల భేదమునుబట్టి శాస్త్రజ్ఞులు ఒక లెక్క కట్టిరి: సముద్రమట్టముకంటె మంచినీటి మట్టము ఒక అడుగు ఎత్తుగా నున్నచోట, దాని క్రింద సుమారు 40 అడుగుల లోతువఱకు మంచినీరుండును. ఈ లెక్కకు ఘైబెన్, హెర్జ్‌బెర్గ్ అను నిద్దఱు విద్వాంసుల పేళ్లు పెట్టిరి.

ఈ లెక్కను తిప్పిచూచినచో భయము కలుగును. పంపుతో తోడి పైమట్టమును ఒక అడుగు దింపి, దింపినట్లే యుంచినచో, క్రిందనున్న ఉప్పునీరు కొంతకాలమునకు 40 అడుగులు పైకి లేచును. దిబ్బను తవ్వి చదునుచేసినచో వాననీరు నిలుచు ఎత్తే పోవును. ఎత్తు పోయిన మంచినీరు పోవును. ఒకసారి బావిలో ఉప్పుపడినచో, మఱల తీపియగుటకు ఎన్నో వానకాలములు పట్టును. ఆ ఉప్పు తవ్వినవాని సరిహద్దువద్ద ఆగదు. ప్రక్కవాని బావికిని పోవును. దిబ్బకు ఆనుకొని ఉప్పునీటి రొయ్యల చెఱువులు తవ్వినచోటను ఇదే కీడు పైనుండి దిగును.

మన పెద్దలకు ఈ లెక్క తెలియకున్నను అనుభవము తెలియును. బాపట్ల, చీరాల ప్రాంతపు ఇసుకనేలలలో వారు లోతుబావి తవ్వక, వెడల్పుగా, మెట్టవాలుగా దొరువులు తవ్విరి. కడవలతో పైనీటిని మాత్రము ముంచి నారుమళ్లకును, కూరపాదులకును పోసిరి. తీసినంత నీరు మెల్లగా ఊఱును, ఉప్పు కదలదు. బాపట్ల వ్యవసాయ శాస్త్రజ్ఞులు ఈ పద్ధతినే మెఱుగుపఱచిరి. తక్కువలోతున రంధ్రములుగల గొట్టములను అడ్డముగా పఱచి, నడుమనున్న ఒక తొట్టిలోనికి పైనీటిని చేర్చి, చిన్నపంపుతో తోడుట ఈ క్రొత్తపద్ధతి.

ఇప్పటి చిక్కు

ఒకప్పుడు వఱదలు తెచ్చిన ఇసుక నేడు పూర్తిగా సముద్రమునకు చేరుటలేదు. ధవళేశ్వరపు ఆనకట్ట 1852లోను, బెజవాడ ఆనకట్ట 1855లోను పూర్తియైనవి. అవి ఎత్తు తక్కువ గలవి. వఱద వానిపైనుండి పాఱెడిది. పిమ్మట నాగార్జునసాగరము, శ్రీశైలమువంటి మహాజలాశయములు వెలసినవి. వానివలన మనకు తిండిగింజలు కలిగినవి. ఆ మేలును మఱువరాదు. కాని నదియొక్క ఇసుకయు, ఒండును ఆ జలాశయముల యడుగున నిలిచిపోవుచున్నవి. ఆదాయము తగ్గిన ఇంటిలో నిల్వధనమును ఎంత జాగ్రత్తగా వాడవలెనో, ఇసుక రాక తగ్గిన తీరమున ఉన్న దిబ్బను అంత జాగ్రత్తగా చూడవలెను.

ప్రభుత్వమువారును ఈ సంగతి గుర్తించిరి. 1991లో వెలువడి, 2011, 2019 సంవత్సరములలో మార్పుచెంది మఱల వెలువడిన తీరప్రాంత నియంత్రణపు ఉత్తరువులలో ఇసుకదిబ్బలకు రక్షణ గలదు. భూమి పట్టాలో నున్నంతమాత్రమున దిబ్బను ఇష్టమువచ్చినట్లు తవ్వవచ్చునని సభ్యులు తలంపరాదు.

పారతో పరీక్ష

మీ చేనిప్రక్కనున్నది ఎట్టిదో తెలిసికొనుటకు పెద్ద పరికరములు వలదు. నడుములోతు గుంట తవ్వి, ప్రక్కగోడను చూడుడు. రేణువులన్నియు సన్నగా, సమముగా నుండి, గవ్వలు, రాళ్లు లేనిచో అది గాలి కట్టిన తిన్నె. ముతక ఇసుకయు, పగిలిన గవ్వలు, ఆలిచిప్పల ముక్కలు పొరలుగా నున్నచో అది కెరటము కట్టిన తిప్పయో, పాతమెరకయో యగును. ఇసుకపొరల నడుమ ఒండుపొరలును, తళుకుమను అభ్రకపు రేకులును ఎక్కువగా నున్నచో అది ఏఱు కట్టిన లంక. ఒండున్నదానిని సాగుచేయవచ్చును. పాతమెరకపై చెట్లతోట వేయవచ్చును. దాని ఎత్తు తీయరాదు. సముద్రమునకు ముఖముగానున్న తిన్నెను తాకనేరాదు.

తిన్నెగలవారు ఈ జాగ్రత్తలు పాటింపగోరెదము. సముద్రపుముఖమున తీగలను, గడ్డిని పశువులచే మేపింపకుడు, కోయకుడు. సరుగుడు వేయదలచినచో దిబ్బకు లోపలివైపున వేయుడు. ముంగిట దట్టముగా వేసినచో దానినీడన తీగ చచ్చును, తాబేళ్లకును చోటుండదు. సరుగుడు వేళ్లబుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి నేలకిచ్చును గావున లోపలివైపు అది లాభకరము. సముద్రమునకు దారి తీయవలసివచ్చినచో దిబ్బను తిన్నగా కోయక ఏటవాలుగా తీయుడు. తిన్ననిదారి గాలికిని, ఉప్పెనకును తెఱచిన తలుపు. బోరు లోతుచేయుటకుముందు ప్రక్కబావులనీరు ఉప్పెక్కినదేమో విచారింపుడు.

అర్జీ సంగతి

ఈ వ్యాసము వ్రాయుటకుముందు మేము కొందఱము అర్జీదారుతో కలసి వారి దిబ్బను చూడబోతిమి. గుంట తవ్వగా పైన సన్నని యిసుకయు, మోకాలిలోతు దాటినపిమ్మట గవ్వలును కనబడినవి. కెరటము కట్టిన పాతమిట్టపై గాలి కట్టిన తిన్నె యది. దానికి పడమట నలుబదియడుగులలో వారి తాతగారు తవ్వించిన దొరువు ఇప్పటికిని తియ్యనినీరు ఇచ్చుచున్నది. ఆ నీరు దిబ్బలోని వాననీరేయని తెలిసినపిమ్మట అర్జీదారు చాలసేపు మాటాడలేదు. తుదకు "దీనిని తవ్వియుంటిమేని దొరువుగూడ పోయెడిది గదా!" యనిరి.

దిబ్బ చదునుచేయుటకు అప్పు ఇయ్యలేమని సంఘము తీర్మానించినది. దానికి మాఱుగా, దొరువును గొట్టముల పద్ధతిని బాగుచేయుటకును, చిన్నపంపునకును, లోపలివైపు సరుగుడునకును అప్పు మంజూరు చేయుటకు అంగీకరించినది. ఇసుకయమ్మకమువలన వచ్చెడి రొక్కము వారికి రాదు. ఆ నష్టము నిజమే. కాని మూడు పంటలకు తీఱు అప్పుకంటె మూడుతరములకు ఊఱు నీరు మిన్నయని వారును ఒప్పుకొనిరి. ఇట్టి అర్జీలు పెట్టదలచిన తీరగ్రామ సభ్యులు ముందుగా గుంట తవ్విచూచి, కనబడిన పొరల వివరమును అర్జీతోపాటు పంపవలసినదిగా కోరుచున్నాము.